పరీక్షలయ్యే దాకా మీ మెడ ఆగదు, టీచర్ గారూ

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్ళు. మర్రిగూడ వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. తొమ్మిదేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళవాతం ఉంది, చేతివేళ్ళు వంకర పోయాయి. వారానికోసారి మెథోట్రెక్సేట్ వాడేదాన్ని. జుట్టు రాలుతోందని, పైగా అది క్యాన్సర్ మందని ఎవరో అంటే ఎనిమిది నెలల కింద మానేశాను. ఇప్పుడు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నొప్పుల గోలీలు, మా ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే చిన్న తెల్ల గోలీ వేసుకుని బడికి పోతున్నా. ఇంట్లో వాళ్ళేమో ఇది ఫ్లోరైడ్ నీళ్ళ రోగం, దీనికి మందు లేదంటారు. నా క్లాసులు మేడ మీద. కూర్చుని చెబితే ఏమనుకుంటారోనని నిలబడే చెబుతున్నా. సదరం క్యాంపులో వికలాంగుల సర్టిఫికెట్‌కు నాకు 40 శాతం వైకల్యం వస్తుందా? వంకాయ, ఆలుగడ్డ మానేయాలా? ఈ మధ్య చాక్‌పీసు చేతిలోంచి జారిపోతోంది. మెట్లు దిగేటప్పుడు కాళ్ళు తూలుతున్నాయి. తల వంచి పేపర్లు దిద్దుతుంటే వీపులోకి కరెంటు కొట్టినట్టవుతోంది. పదో తరగతి పరీక్షలు అయ్యాక హైదరాబాద్‌లో చూపించుకుందామనుకుంటున్నా.
(ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా)

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు రాయాల్సిన మాట చివర్లో రాశారు. సర్టిఫికెట్ సంగతి తర్వాత. ముందు మీ మెడ చూపించుకోండి. పరీక్షలయ్యాక కాదు, ఈ వారంలోనే.

రుమటాయిడ్ కీళ్ళవాతం వేళ్ళు, మణికట్టుతో ఆగే జబ్బు కాదు. ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే మెడ పైభాగంలో మొదటి రెండు వెన్నుపూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లు వదులవుతాయి. అప్పుడు తల వంచినప్పుడల్లా ఎముక జరిగి వెన్నుపాము మీద ఒత్తిడి పడొచ్చు. వీపులో కరెంటు కొట్టినట్టుండడం, చేతిపట్టు తగ్గడం, కాళ్ళు తూలడం ఈ మూడూ కలిసి కనబడితే మాకు ముందు తోచేది అదే. చాక్‌పీసు జారడం ఒక్కటే ఉంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుందేమో అనుకునేవాణ్ణి. కాళ్ళు కూడా తూలుతున్నాయంటే అంత తేలిగ్గా వదిలేయలేను. బి12 లోపం, షుగర్ వల్ల కూడా ఇలాంటివి రావచ్చు. ఉత్తరం చదివి జబ్బు తేల్చలేం కాబట్టి ఇదే అని ఖాయంగా చెప్పడం లేదు. కానీ లేదని తేలేదాకా ఉన్నట్టే చూడాలి.

ఇంట్లో వాళ్ళ మాట పూర్తిగా కొట్టిపారేయను. మన జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు పేర్లు వింటే ఏ డాక్టరుకైనా ఫ్లోరోసిస్ గుర్తుకొస్తుంది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే వాడుతుంది, అదీ మన ఘనత. అయితే ఈ రెండు జబ్బుల దారులు వేరు. కీళ్ళవాతంలో లిగమెంట్లు వదులవుతాయి. ఫ్లోరోసిస్‌లో గట్టిపడి ఎముకలా మారి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. ఎలా జరిగినా చివరికి నలిగేది వెన్నుపామే. చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళు తాగినవాళ్ళకు రెండూ కలిసి ఉండొచ్చు కూడా. 'నీళ్ళ రోగం, మందు లేదు' అని ఇంట్లోనే తీర్పు చెప్పుకుని కూర్చోవడమే నాకు నచ్చనిది. పొద్దున లేవగానే గంటకు పైగా వేళ్ళు బిగుసుకుపోవడం, చిన్న కీళ్ళు వాచి వెచ్చగా ఉండడం కీళ్ళవాతం లక్షణాలు. దానికి మందులున్నాయి, మీరు తొమ్మిదేళ్ళలో చాలాకాలం వాడారు కూడా.

మెడను ముందుకు, వెనక్కు వంచి తీసే ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ అవసరం పడతాయి. ఎక్స్‌రే కోసం మెడ ఎంత వంచాలో డాక్టరు చెప్పాలి, మీరు బలవంతంగా వంచకండి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట చూపించుకుని, అక్కడి నుంచి చీటీ రాయించుకుని హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో రుమటాలజీ, న్యూరోసర్జరీ వాళ్ళకు చూపించుకోవచ్చు. అప్పటిదాకా మెడకు మాలిష్ వద్దు, కట్టు కట్టేవాళ్ళ దగ్గరికెళ్ళి మెడ విరిపించుకోవద్దు, బరువులు కట్టి లాగించుకోవద్దు. గుంతల రోడ్డు మీద స్కూటీ వెనక కూర్చోవద్దు. ఉన్నట్టుండి కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఇంకొకటి: ఎప్పుడు ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సి వస్తే 'నాకు రుమటాయిడ్ ఉంది, మెడ చూడండి' అని మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.

ఇక ఆ తెల్ల గోలీ. చూడకుండా దాని పేరు చెప్పలేను, కానీ అనుమానం మాత్రం స్టెరాయిడ్ మీదికే పోతుంది. కాగితం పొట్లంలో పేరు లేకుండా ఇచ్చేది, వేసుకున్న పూటే నొప్పి మాయమయ్యేది చాలాసార్లు అదే. ముఖం ఉబ్బిందా? షుగర్, బీపీ పెరిగాయా? ఎముకలూ బోలుబారతాయి. అలాగని రేపటి నుంచి టక్కున మానేయకండి, నెలల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. మీ డాక్టరే మెల్లగా తగ్గించాలి. పొట్లం పారేయకుండా వెంట తీసుకెళ్ళండి.

రోజుకు రెండు నొప్పుల గోలీలు, అదీ ఎనిమిది నెలలు! పిల్లలు లెక్క తప్పుచేస్తే ఊరుకోని మీరు ఈ లెక్క ఎలా వదిలేశారు? మీరు రాయలేదు గానీ నేను అడుగుతాను: బడిలో నీళ్ళు తాగుతారా? నా దగ్గరికి వచ్చే మహిళా టీచర్లలో చాలామంది బాత్రూం సరిగా లేదని సాయంత్రం దాకా గొంతు తడుపుకోరు. నీళ్ళు తక్కువ, నొప్పుల గోలీలు ఎక్కువ అయితే కిడ్నీలకు అంతకంటే చేటు లేదు. కిడ్నీల కోసం క్రియాటినిన్, ఇంకా హిమోగ్లోబిన్, లివర్ పరీక్షలు చేయించండి. మలం నల్లగా తారులా వస్తుంటే ఆగకుండా వెళ్ళండి.

మెథోట్రెక్సేట్ క్యాన్సర్‌కూ వాడతారు, నిజమే. కీళ్ళకు ఇచ్చే మోతాదు దానికంటే చాలా తక్కువ, వారానికి ఒక్కసారే. జుట్టు రాలడం, నోటిపూత లాంటివి ఫోలిక్ యాసిడ్‌తో కొంత తగ్గుతాయి, పడకపోతే వేరే మందులున్నాయి. మానేసింది మీరే అయినా మళ్ళీ మొదలుపెట్టాల్సింది మీరు కాదు, రక్తపరీక్షలు చూశాక మీ డాక్టరు. వారం మందును రోజూ వేసుకుని నోరంతా పుండ్లతో, ప్రాణాపాయంలో వచ్చినవాళ్ళను చూశాను.

నా ఓపీలో మే నెల టీచర్ల నెల. ఏడాదంతా దాచుకున్న రోగాలన్నీ ఎండాకాలం సెలవుల్లో మోసుకొస్తారు. మెడికల్ లీవు పెట్టండి. పదో తరగతి పిల్లలకు ఇంకో లెక్కల సారు చెబుతారు.

సర్టిఫికెట్ గురించి: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 40 శాతం అనేది హద్దు. జబ్బు పేరు చూసి ఇవ్వరు, కీళ్ళ కదలిక, చేతుల బలం ఎంత తగ్గాయో మెడికల్ బోర్డు కొలిచి చెబుతుంది. మీకెంత వస్తుందో నేను చెప్పలేను, మెడ సంగతి తేలాక వెళ్తే ఆ రిపోర్టులూ చూపించవచ్చు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని ఆ చట్టంలోనే ఉంది. కింది అంతస్తులో క్లాసు, ఒక కుర్చీ కావాలని డాక్టరు చీటీ జతచేసి హెడ్మాస్టర్‌కు రాసివ్వండి. కూర్చుని చెప్పినా బీజగణితం మారదు.

వంకాయ, ఆలుగడ్డ తినండి.