కూకట్‌పల్లి ఫ్లాటుకి లండన్‌లో కట్టే పన్ను

లండన్ శివారు హారోలో 4,50,000 పౌండ్లకి రెండు బెడ్‌రూముల ఫ్లాటు చూశామని, రెండేళ్ళు అందులో ఉండి, తర్వాత దాన్ని అద్దెకిచ్చి స్లౌ వైపు పెద్దిల్లు కొంటామని రాశారు. వచ్చి తొమ్మిది నెలలేగా అయింది, ఆ తొందర అందరికీ ఉండేదే. కింద చెప్పే తప్పుల్లో సగం నేను చేసినవే. ఆ కథలు ఇప్పుడు వద్దులెండి, లెక్కలు చూద్దాం. వీసా మీద లోను ఎవరిస్తారో, ఎంతిస్తారో మీ బ్రోకరు చెప్తాడు. డబ్బు ఎక్కడ కారిపోతుందో మాత్రం ముందుగా ఎవరూ చెప్పరు.

మీ ఉత్తరం చివర్లో ఒక ముక్క రాశారు: కూకట్‌పల్లిలో మా ఆవిడ పేరు మీద ఫ్లాటుంది, దానికీ దీనికీ సంబంధం లేదు అని. ఉందండీ. ఇక్కడి స్టాంప్ డ్యూటీకి ఇల్లు ప్రపంచంలో ఎక్కడున్నా ఇల్లే. మీ వాటా విలువ 40,000 పౌండ్లు ఉంటే చాలు, ఇక్కడ కొనేది రెండో ఇల్లు కింద లెక్క. పైగా భార్యాభర్తలని కలిపే చూస్తారు కాబట్టి, మీ ఒక్కరి పేరు మీద కొన్నా తప్పదు. ఎప్పుడూ ఏ ఇల్లూ లేని జంట మొదటి ఇంటి రాయితీతో ఇదే ఫ్లాటుకి కట్టేది 7,500. ఇదివరకు ఇల్లుండి అమ్మేసుకున్నవాళ్ళు కట్టేది 12,500. రెండో ఇల్లయితే మొత్తం ధర మీద ఇంకో 5 శాతం, అంటే 22,500 కలిసి 35,000 పౌండ్లు. మీరు వచ్చి 183 రోజులు దాటాయి కనుక విదేశీ నివాసుల మీద పడే అదనపు 2 శాతం తప్పింది, అదొక్కటే అదృష్టం.

ఆ ఫ్లాట్లో మీరు కాపురం ఉన్నారా, అద్దెకిచ్చారా? అది రాయలేదు. ఇక్కడికి వచ్చేముందు దాకా మీరుంటున్న ఇల్లే అయితే, ఇక్కడ కొన్న మూడేళ్ళలోపు దాన్ని అమ్మేస్తే ఆ 22,500 వెనక్కి అడగొచ్చు. మొదటినుంచీ అద్దెకున్నదైతే ఆశ వదులుకోండి. పొలం, ఖాళీ ప్లాటు ఈ లెక్కలోకి రావు. తాతగారి ఇంట్లో వాటా వారసత్వంగా వచ్చి మూడేళ్ళు దాటకుండా, సగానికి మించకుండా ఉంటే ఆ 5 శాతం సర్‌చార్జి పడదు, కానీ మొదటి ఇంటివాళ్ళకిచ్చే రాయితీ పోతుంది. రెండేళ్ళ తర్వాత హారో ఫ్లాటు ఉంచుకుని స్లౌలో కొంటే ఆ ఇంటి ధర మీద కూడా ఇదే 5 శాతం. హారో అద్దె లాభమా నష్టమా అని మన సొంత లెక్క వేసుకునేటప్పుడు అదీ ఖర్చు కింద రాసుకోవాలి. ఎవరూ రాయరు!

ఇక అద్దె. నెలకి 2,000 వస్తుంది, లోను వడ్డీ 1,250 పోతుంది, మిగతాది మిగులు అనుకుంటారు మనవాళ్ళు. ఏడాది లెక్క వేద్దాం. అద్దె 24,000. సర్వీస్ చార్జి, అంటే భవనం నిర్వహణ ఖర్చులో మీ ఫ్లాటు వాటా, 3,000 అనుకుందాం. ఏజెంటుకి 10 శాతం, దాని మీద వ్యాటుతో 2,880. ఇన్సూరెన్సు, ఏటా గ్యాస్ సర్టిఫికెట్, చిల్లర రిపేర్లు 620. ఇవి పోగా 17,500. మూడు లక్షల లోనుకి 5 శాతం చొప్పున వడ్డీ 15,000. చేతిలో 2,500 మిగిలింది కదా. కానీ ఇక్కడ వడ్డీని ఖర్చు కింద తీసివేయనివ్వరు. జీతం 40 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకి పన్ను 17,500 మీద పడుతుంది: 7,000. వడ్డీలో 20 శాతం, అంటే 3,000 మాత్రం తగ్గిస్తారు. కట్టాల్సింది 4,000. మిగిలిన 2,500కి 4,000 పన్ను! లోను అసలు తీర్చడం ఇందులో ఇంకా కలపలేదు. ఏడాదిలో ఒక్క నెల ఖాళీ పడితే ఇంకో 2,000 గాలికి. ఇళ్ళ ధరలు పెరుగుతాయిగా అంటారు. పెరగొచ్చు, కానీ పెరిగేదాకా ఈ లోటు జీతంలోంచే పూడ్చాలి. ఇంకోటి, మీరు ఉండటానికి తీసుకున్న లోను మీద బ్యాంకు అనుమతి లేకుండా అద్దెకిస్తే అది షరతుల ఉల్లంఘనే.

హారోలో మీరు చూసినది లీజ్‌హోల్డ్, అంటే భవనం, నేల వేరే యజమానివి, ఫ్లాటు మీద మీకుండేది కొన్నేళ్ళ లీజు హక్కు. ఏజెంటు చూపించే గ్రానైట్ కిచెన్ మీద కాకుండా భవనం నిర్వహణ కాగితాలుండే మేనేజ్‌మెంట్ ప్యాక్ మీద దృష్టి పెట్టండి. లీజు ఎన్నేళ్ళు మిగిలిందో చూడండి, 80 దగ్గర పడితే పొడిగింపు ఖర్చు మీ నెత్తినే. గత మూడేళ్ళ సర్వీస్ చార్జి ఖాతాలు, పెద్ద ఖర్చులకి దాచే రిజర్వ్ ఫండ్‌లో ఎంతుందో, సెక్షన్ 20 నోటీసు ఏమైనా వచ్చిందో అడగండి. ఒక్కో ఫ్లాటు వాటా 250 పౌండ్లు మించే పెద్ద మరమ్మతులకి ఆ నోటీసు ఇస్తారు. లిఫ్టు మార్చడం, కప్పు వేయించడం లాంటివి. ఫండు ఖాళీగా ఉండి నోటీసు దారిలో ఉందంటే, అమ్మేవాడు ఎందుకు తొందరపడుతున్నాడో అర్థమవుతుంది. అద్దెకివ్వడానికి ఫ్రీహోల్డర్, అంటే ఆ భవనం యజమాని, అనుమతి కావాలన్న షరతు లీజులో ఉందేమో అదీ చదవండి.

ఆఫర్ ఒప్పుకున్నారని ఇంటికి ఫోన్ చేసి చెప్పేయకండి. సంతకాలు చేసిన కాంట్రాక్టులు రెండు వైపులా ఇచ్చిపుచ్చుకునేదాకా ఎవరైనా వెనక్కి వెళ్ళొచ్చు, అవతల ఇంకొకరు అయిదువేలు ఎక్కువిస్తే మీ సర్వే డబ్బు, ఇంటి రికార్డులు వెతికించే సెర్చిల డబ్బు పోయినట్టే. అందుకే ముందు ప్యాక్ చదివించి, ఆ తర్వాతే సర్వేకి కట్టండి. కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు మామూలుగా ధరలో 10 శాతం కడతారు, ఇక మీరు తప్పుకుంటే అది పోతుంది. మామగారు పంపే డబ్బుకి బహుమతి ఉత్తరం, ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆయన ప్లాటు అమ్మి ఉంటే ఆ దస్తావేజు అన్నీ మీ సొలిసిటర్ (కొనుగోలు చూసే లాయరు) అడుగుతాడు. దస్తావేజు తెలుగులో ఉంటే సర్టిఫైడ్ అనువాదం చేయించాలి. ఆఫర్ పెట్టకముందే ఆ పని మొదలుపెట్టండి.

అద్దెకున్నవాళ్ళ సంగతి క్లుప్తంగా. డిపాజిట్ అయిదు వారాల అద్దెకి మించకూడదు, మీ లెక్కకి 2,307 పౌండ్లు. 30 రోజుల్లో దాన్ని ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీములో జమ చేయకపోతే మూడింతల దాకా జరిమానా. మన తెలుగు పిల్లలేగా అని నలుగురు స్టూడెంట్లకి ఇస్తే అది హెచ్ఎంఓ, అంటే వేర్వేరు కుటుంబాలవాళ్ళు కలిసుండే ఇల్లు, అవుతుంది, చాలా కౌన్సిళ్ళలో దానికి వేరే లైసెన్సు కావాలి. కౌన్సిల్ వెబ్‌సైట్లో పోస్ట్‌కోడ్ కొట్టి చూసుకోండి. 2026 మే 1 నుంచి కారణం చెప్పకుండా ఖాళీ చేయించడం లేదు, అద్దెదారు మాత్రం రెండు నెలల నోటీసుతో ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు. అమ్ముతామని ఖాళీ చేయించాలన్నా మొదటి ఏడాది కుదరదు, పైగా నాలుగు నెలల నోటీసు ఇవ్వాలి. అందుకని కనీసం ఆరు నెలల వడ్డీ, 7,500 పౌండ్లు, ముట్టుకోకుండా పక్కన ఉండాలి. అది లేకుండా దిగకండి.

ముందు ఆ కూకట్‌పల్లి ఫ్లాట్లో ఎవరుంటున్నారో రాయండి. హారో బేరం ఎంతవరకు పెట్టొచ్చో దాన్ని బట్టి చెప్తాను.