ప్లగ్ లేని చార్జింగ్, కారు నుంచి ఇంటికి కరెంటు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎలక్ట్రిక్ బండ్ల మీద ఈ నెల వచ్చిన ప్రశ్నల్లోంచి ఆరింటిని తీసుకున్నాను. ఎక్కువమంది అడిగినవి రెండే. ప్లగ్ పెట్టకుండానే చార్జింగ్ అవుతుందట కదా అని ఒకటి, బండిలో ఉన్న కరెంటును తిరిగి వాడుకోవచ్చట కదా అని రెండోది. చూడ్డానికి వేర్వేరు సంగతుల్లా ఉన్నా నా దృష్టిలో ఇవి ఒకదానికొకటి ముడిపడినవే. అదెలాగో మూడో జవాబులో చెప్తాను.

ప్ర: మా అబ్బాయి ఎలక్ట్రిక్ కారు కొందామంటున్నాడు. మా మరిదేమో "ఇంకో రెండేళ్లు ఆగండి వదినా, ప్లగ్గే అక్కర్లేని కార్లు వస్తాయి" అంటున్నాడు. ఆగమంటారా?
ఒక పాఠకురాలు, హనుమకొండ

జ: ఈ ఒక్క కారణానికైతే ఆగకండి. మీ వంటింట్లో ఇండక్షన్ స్టవ్ ఉంటే వైర్‌లెస్ చార్జింగ్ సంగతి సగం మీకు తెలిసినట్టే. స్టవ్ అద్దం కింద రాగి తీగచుట్ట ఉంటుంది, అందులో కరెంటు సెకనుకు వేల సార్లు దిశ మార్చుకుంటుంటే పైన అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది గిన్నె అడుగులో కరెంటు పుట్టించి గిన్నెను వేడెక్కిస్తుంది. కారుకైతే స్టవ్ స్థానంలో నేల మీద తీగచుట్ట ఉన్న ప్యాడ్ పెడతారు, గిన్నె స్థానంలో బండి అడుగున అలాంటిదే ఇంకోటి బిగిస్తారు, అందులో పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది.

చిక్కంతా మధ్యలో ఉండే ఖాళీతో. గిన్నె స్టవ్‌ను ఆనుకుని కూర్చుంటుంది, కారు అడుగుకీ నేలకీ మధ్య జానెడు దూరం ఉంటుంది. అందుకని రెండు చుట్టలనూ ఒకే ఫ్రీక్వెన్సీకి శ్రుతి చేస్తారు, వీణ మీద ఒక తీగ మీటితే అదే శ్రుతిలో ఉన్న ఇంకో తీగ తనంతట తాను కదులుతుంది చూడండి, అలాగ. 2007లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పద్ధతిలో రెండు మీటర్ల దూరంలో 60 వాట్ల బల్బు వెలిగించారు, కానీ పంపినదాంట్లో 40 శాతమే అటు చేరింది. ఆ తర్వాత దూరం తగ్గించి, చుట్టలు మెరుగుపరిచి, 2020లో కార్లకు జే2954 అనే ప్రమాణం తెచ్చారు. దాని ప్రకారం 85 కిలోహెర్ట్జ్ దగ్గర (అంటే సెకనుకు 85 వేల సార్లు ఊగే కరెంటుతో), 10 నుంచి 25 సెంటీమీటర్ల ఖాళీలో, 11 కిలోవాట్ల వరకు పంపొచ్చు. మన దేశంలోనూ తిరువనంతపురంలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్, నాగ్‌పూర్‌లోని ఇంజనీరింగ్ విద్యాసంస్థ వీఎన్‌ఐటీ కలిసి 1.5 కిలోవాట్ల చార్జర్ తయారుచేశాయి. అంటే పని జరుగుతోంది. కానీ మామూలు కుటుంబం కొనుక్కునే కార్లలో ఇది ఇంకా రావడం లేదు, వచ్చిన కొత్తలో చవగ్గా ఉంటుందన్న ఆశా పెట్టుకోకండి.

ఇలా పంపడంలో కరెంటు నష్టం ఎంతంటారా? నెలకు 1,200 కిలోమీటర్లు తిరిగి, యూనిట్‌కు 7 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 170 యూనిట్లు కావాలి. తీగతో పోలిస్తే ఇంకో 5 శాతం పోయినా నెలకు ఎనిమిదో తొమ్మిదో యూనిట్లు, అంతే. బండిని ప్యాడ్ మీద సరిగ్గా ఆపకపోతే మాత్రం ఈ నష్టం పెరుగుతుంది. మీ అబ్బాయికి ఇప్పుడు కారు అవసరముంటే ఇప్పుడే కొనుక్కోమనండి.

ప్ర: మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. పైగా మా వీధిలో పిల్లులెక్కువ, కారు కిందే పడుకుంటాయి. ఇలాంటి ప్యాడ్ ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదమా?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జ: మంచి ప్రశ్న అడిగారు. క్షేత్రం ఎక్కువగా ఉండేది రెండు ప్యాడ్‌ల మధ్యలోనే, బండి పక్కకు వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. ఈ ఫ్రీక్వెన్సీలో మామూలు జనానికి 27 మైక్రోటెస్లాలు (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే కొలత) దాటకూడదని అంతర్జాతీయంగా ఒక పరిమితి ఉంది, పేస్‌మేకర్ ఉన్నవాళ్ల కోసం అంతకంటే తక్కువ పరిమితి పెట్టుకునే ప్యాడ్‌లు రూపొందిస్తారు. అయినా మీ నాన్నగారి విషయంలో నా మాట కాదు, ఆ పేస్‌మేకర్ పెట్టిన డాక్టరుగారి మాటే వినండి. ఇక పిల్లి కిందకు దూరినా, నాణెమో మేకో ప్యాడ్ మీద పడినా గుర్తుపట్టి కరెంటు ఆపేసే ఏర్పాటు మంచి ప్యాడ్‌లకు ఉంటుంది, ఎందుకంటే ఇనుప ముక్క అక్కడ ఉండిపోతే ఇండక్షన్ స్టవ్ మీది గిన్నెలా కాలిపోతుంది. ఈ ఏర్పాటు లేని ప్యాడ్ ఎంత చవగ్గా వచ్చినా ఇంట్లోకి రానివ్వకండి. వానకు మాత్రం భయం లేదు. బయటికి కనబడే లోహమేదీ ఉండదు కాబట్టి ఆ విషయంలో ప్లగ్ కంటే ఇదే నయం.

ప్ర: మా అపార్ట్‌మెంట్‌లో 60 ఫ్లాట్లు. సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్లు పెట్టుకుంటామంటే ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతుందని అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. ప్రతి మీటింగ్‌లోనూ గొడవే, టెన్షన్ పడలేకపోతున్నాం. నిజంగా అంత లోడా?
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జ: మీ అసోసియేషన్ వాళ్ల భయం ఉత్తదేం కాదు, కానీ లెక్క సగమే వేశారు. మిగతా సగం మనం వేద్దాం, ఈ కాగితం వచ్చే మీటింగ్‌కు పట్టుకెళ్లండి.

20 కార్లున్నాయనుకోండి, ఒక్కోదానికి 7.2 కిలోవాట్ల చార్జర్. అందరూ ఆఫీసు నుంచి వచ్చి ఎనిమిదింటికి ఒకేసారి ప్లగ్ పెడితే 144 కిలోవాట్లు. అదే సమయానికి ఏసీలు, లిఫ్టు, మోటార్లు కూడా నడుస్తుంటాయి, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడేది నిజమే. ఇప్పుడు రెండో సగం చూడండి. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగిన కారుకు రాత్రికి కావలసింది 6 యూనిట్లు. 20 కార్లకు 120 యూనిట్లు. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా ఎనిమిది గంటలుంటాయి, ఈ 120 యూనిట్లను ఆ ఎనిమిది గంటలకూ పంచితే సగటున 15 కిలోవాట్లే, ఏడెనిమిది గీజర్ల లోడు. కార్లు అవే, కరెంటూ అంతే. 144 అయ్యేదీ 15 అయ్యేదీ ఎప్పుడు, ఎంత నెమ్మదిగా ఎక్కిస్తున్నామన్న దాన్నిబట్టే. లోడును కార్ల మధ్య తానే పంచే చార్జర్లు దొరుకుతున్నాయి, మీ బిల్డింగ్‌కు కేటాయించిన లోడులో ఎంత మిగిలి ఉందో చూసి ఆ హద్దు దాటకుండా ఒక్కొక్క బండికీ వంతులవారీగా ఇస్తాయి. ముందు డిస్కంకు దరఖాస్తు పెట్టి శాంక్షన్డ్ లోడ్ సంగతి తేల్చుకోండి, తర్వాత ఇలాంటి చార్జర్లే పెట్టించుకోండి, ఎవరికి వాళ్లు ఫ్లాట్ నుంచి వైరు కిందికి లాక్కునే పని మాత్రం వద్దు.

గ్రిడ్ అంతటికీ వర్తించేది ఇదే లెక్క. మన గ్రిడ్ 50 హెర్ట్జ్ మీద నడుస్తుంది, వాడకం ఉత్పత్తిని మించితే ఆ అంకె పడిపోతుంది, మరీ పడితే లైన్లు ట్రిప్పవుతాయి. మధ్యాహ్నం సోలార్ కరెంటు పుష్కలంగా ఉంటుంది, సాయంత్రం సూర్యుడు వెళ్లిపోయే వేళకే ఇళ్లలో అన్నీ ఆన్ అవుతాయి. అందుకే సౌర గంటల్లో కరెంటు చవగ్గా, సాయంత్రం పీక్‌లో ఖరీదుగా ఉండాలని 2023లో కేంద్రం నిబంధన తెచ్చింది. కారు రోజులో రెండు గంటలు తిరిగితే ఇరవై రెండు గంటలు ఎక్కడో ఒకచోట ఆగే ఉంటుంది. ఆ ఆగి ఉన్న గంటలు గ్రిడ్‌కు చాలా విలువైనవి, మధ్యాహ్నం మిగిలిన కరెంటును బండిలో నింపి, సాయంత్రం కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు, కాకపోతే అప్పుడు బండి ప్లగ్‌కు తగిలించి ఉండాలి, అక్కడే మనం బద్ధకిస్తాం. చార్జింగ్ 70 శాతం ఉంటే రేపు పెడదాంలే అనుకుని పైకెళ్లిపోతాం. మొదట్లో అన్న ముడి ఇదే. వైర్‌లెస్‌తో ప్లగ్ పెట్టే శ్రమ తప్పడం నా లెక్కలో చిన్న లాభం, ఆగిన ప్రతిసారీ ఎవరూ తలుచుకోకుండానే బండి గ్రిడ్‌కు అందుబాటులోకి రావడమే పెద్ద లాభం.

ప్ర: హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పేటలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇప్పుడు నా కారులో బయటికి కరెంటు ఇచ్చే సదుపాయం ఉంది. మళ్లీ అలాంటి తుపాను వస్తే కారుతో ఇల్లు నడుపుకోవచ్చా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: నడుపుకోవచ్చు, కానీ ఒక్క షరతు మీద. అది చివర్లో చెప్తాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

2011 సునామీ తర్వాత జపాన్‌లో ఈ ఆలోచనకు ఊపు వచ్చింది. మరుసటి ఏడాదే నిస్సాన్ తన లీఫ్ కారు నుంచి ఇంటికి కరెంటిచ్చే పరికరాన్ని అక్కడ అమ్మకానికి తెచ్చింది. 24 యూనిట్ల బ్యాటరీ జపాన్‌లో సగటు ఇంటికి రెండు రోజులు వస్తుందని లెక్క. మన దగ్గర 2023లో వచ్చిన నెక్సాన్ ఈవీ లాంటి కార్లు సుమారు 3.3 కిలోవాట్ల దాకా బయటికి ఇస్తాయి. ఫ్రిజ్‌కు రోజుకు ఒకటిన్నర యూనిట్, నాలుగు ఫ్యాన్లకు మూడు, బల్బులకూ ఫోన్లకూ అర, అంతా కలిపి ఐదు యూనిట్లు వేసుకోండి. 40 యూనిట్ల బ్యాటరీలో పది యూనిట్లు ఆసుపత్రి అవసరానికో మరోదానికో కదలకుండా ఉంచినా ఆరు రోజులు గడుస్తుంది. ఏసీ, గీజర్ జోలికి పోకండి. తుపాను హెచ్చరిక రాగానే బండి నిండా చార్జ్ చేసి, నీళ్లు రాని మెరక మీద పెట్టుకోండి.

ఇక షరతు. కారు నుంచి వచ్చే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఫ్రిజ్, ఫ్యాను నేరుగా తగిలించుకోండి. అంతే తప్ప రెండు వైపులా ప్లగ్ ఉన్న వైరు చేసి గోడ సాకెట్‌లోకి ఎక్కించే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. అలా ఎక్కించిన కరెంటు మీ మీటరు దాటి, సర్వీసు వైరు దాటి, వీధి లైన్‌లోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కి పోతే అక్కడ 230 వోల్టులు 11 వేల వోల్టులవుతాయి. లైన్ ఆపేశారు కదా అన్న ధైర్యంతో, వానలో, తెగిన తీగ పట్టుకుని స్తంభం మీద ఒక లైన్‌మన్ ఉంటాడు. హుద్‌హుద్ తర్వాత ఆ స్తంభాలెక్కినవాళ్లలో మీ పేటకు పక్క జిల్లాల నుంచి వచ్చినవాళ్లూ ఉండే ఉంటారు. వాళ్ల ప్రాణం మీ వైరు మీద ఆధారపడకూడదు. ఇల్లంతటికీ ఇవ్వాలనుకుంటే గ్రిడ్‌ను పూర్తిగా విడదీసే చేంజోవర్ స్విచ్‌ను లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో బిగించాలి, కారు కంపెనీ కూడా దానికి ఒప్పుకోవాలి.

ప్ర: రిటైరయ్యాక మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. కారు బ్యాటరీలో నింపుకుని సాయంత్రం డిస్కంకు అమ్ముకోవచ్చా?
ఒక పాఠకుడు, గుంటూరు

జ: ఇప్పుడే కాదు మాస్టారూ. ఆలోచన పాతదే, 1997లోనే అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన విలెట్ కెంప్టన్ మరొకరితో కలిసి దీని మీద పత్రం రాశారు. దానికి రెండు వైపులా నడిచే చార్జర్ కావాలి, కారు ఒప్పుకోవాలి, గ్రిడ్ ఆగితే ఆ క్షణమే ఆ చార్జర్ కూడా ఆగాలి, డిస్కం కొనాలి. మన దగ్గర మామూలు వినియోగదారుడికి ఆ నాలుగోది ఇంకా అందుబాటులోకి రాలేదు. బ్యాటరీ అరుగుతుంది కాబట్టి వారంటీ కాగితం కూడా చూసుకోవాలి. మీకు ఇప్పుడే చేతిలో ఉన్న లాభం వేరే ఉంది. మీరు రిటైరయ్యారు, కారు పగలు ఇంట్లోనే ఉంటుంది. పదకొండు నుంచి మూడింటి దాకా చిన్న చార్జర్‌తో నెమ్మదిగా ఎక్కించుకోండి, పైన పుట్టిన కరెంటు అక్కడికక్కడే బండిలోకి చేరుతుంది. ఆఫీసుకెళ్లేవాళ్లకు ఈ వీలు లేదు, వాళ్లకు ఆఫీసు పార్కింగ్‌లో పాయింట్లుండాలి, నన్నడిగితే ప్రభుత్వం ముందు దృష్టి పెట్టాల్సింది అక్కడ.

ప్ర: నడుస్తుండగానే చార్జ్ చేసే రోడ్లు వస్తాయా?
ఒక విద్యార్థిని, తిరుపతి

జ: వచ్చాయమ్మా, చిన్న చిన్న ముక్కలుగా. దక్షిణ కొరియాలోని గుమిలో 2013లో 24 కిలోమీటర్ల మార్గంలో బస్సులు నడిపారు, రోడ్డంతా తవ్వకుండా అందులో 5 నుంచి 15 శాతం మేరకే తీగలు పరిస్తే సరిపోయింది. డెట్రాయిట్‌లో 2023 నవంబరులో పావు మైలు వీధి తెరిచారు. రోడ్లు తవ్వే ఖర్చు చూస్తే కార్ల కోసం ఇది నాకు ఇప్పట్లో సబబనిపించడం లేదు. బస్సుల సంగతి వేరు. ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో 2014 నుంచి ఎనిమిది బస్సులకు రూటు రెండు కొసల్లోనూ ప్యాడ్‌లు పెట్టారు, డ్రైవరు టీ తాగేలోపు పది నిమిషాల్లో కావలసినంత ఎక్కేది. మీ ఊరి నుంచి తిరుమల కొండకు 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి కదా, దిగేటప్పుడు మోటారే జనరేటరై కొంత కరెంటు వెనక్కి ఇస్తుంది. పైన బస్సు ఆగే చోట ఒక ప్యాడ్ ఉంటే ఎంత చిన్న బ్యాటరీతో సరిపెట్టవచ్చో, నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నానన్నావు కాబట్టి, లెక్క వేసి పంపు. బస్సు బరువు, కొండ ఎత్తు, ట్రిప్పుల మధ్య ఆగే నిమిషాలు, ఈ మూడూ తెలిస్తే మొదలుపెట్టొచ్చు.