కూచిపూడి వచ్చినవాళ్ళకి ఫ్లమెంకో సులువుగా వస్తుందా?

చదువుకోవడానికి స్పెయిన్‌లోని సెవిల్ వెళ్తున్నానని, కూచిపూడి వచ్చు కాబట్టి అక్కడి ఫ్లమెంకో నాట్యం త్వరగా పట్టుబడుతుందా అని అడిగారు. నేనూ అదే ధీమాతో వెళ్ళి అక్కడ రెండేళ్ళున్నాను. కాళ్ళు తొందరగానే కుదిరాయి. చెవి కుదరడానికి ఏడాది దాటింది.

మా టీచర్ మొదటి మూడు నెలలూ అడుగు వేయనివ్వలేదు. చప్పట్లే. వాటిని పాల్మాస్ అంటారు. ఫ్లమెంకో పాటల్లో రకాలైన సోలెయా, బులెరియా రెండూ 12 అక్షరాల ఆవర్తనాలు. లెక్క 12తో ఎత్తుకుని 11 దాకా వెళ్తే ఒత్తు 12, 3, 6, 8, 10 మీద పడుతుంది. మన సొల్లుకట్టులో, అంటే నోటితో చెప్పే జతుల్లో, తకిట తకిట తక తక తక. ఇది నాకు ఒక్క పూటలో వచ్చేసింది. చిక్కంతా ముగింపు దగ్గరే. మన ముక్తాయింపు సమానికి, అంటే ఆవర్తనం మొదటి దెబ్బకి, వచ్చి వాలుతుంది కదా, సోలెయాలో గిటార్ 10 దగ్గరే వాలిపోతుంది. నేను ప్రతిసారీ ఇంకో రెండు దెబ్బలు ఆగి, ఆలస్యంగా ముగించేదాన్ని. నెలల తరబడి అదే తప్పు.

ఒకసారి హెరెజ్ అనే ఊళ్ళో ఒక పెన్యాకి, అంటే అభిమానులు నడుపుకునే క్లబ్బుకి వెళ్ళాం. మైకు లేదు. ఒకాయన సోలెయా అందుకోగానే ఉత్సాహం ఆపుకోలేక గట్టిగా చప్పట్లు కొట్టాను. పక్కనున్న పెద్దావిడ నా చేతులు పట్టుకుని, అరచేతుల్ని దొప్పల్లా వంచి, మెత్తగా కొట్టి చూపించింది. ఆ గదిలో అందరూ పాటకు చోటిస్తున్నారు, నేనొక్కదాన్నే దాని మీద పడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డాన్స్ కూడా అంతే. పాట నడుస్తుంటే డాన్సర్ అడుగుల జోరు తగ్గిస్తుంది, గాయకుడు ఆగాక కాళ్ళతో జవాబిస్తుంది. గాయకుణ్ణి పాటలోకి పిలవడానికి ‘ల్యమాడా’ అనే అడుగుల వరస ఉంది. మనకు తాళాలు వాయిస్తూ జతులు చెప్పే నట్టువాంగం నడిపిస్తుంది, అక్కడ ఆ సైగ డాన్సరే ఇవ్వాలి.

ఇంకోటి: అరమండికి (మోకాళ్ళు పక్కలకి వంచి నిలబడే భంగిమకి), ఒట్టి కాళ్ళకి అలవాటుపడ్డ మనకు మేకులు కొట్టిన బూట్లు మొదట్లో మోకాళ్ళ నొప్పి తెస్తాయి. తొందరపడకండి.

వెళ్ళేలోపు ఫెర్నాండా దె ఉత్రేరా పాడిన సోలెయాలు వినండి. తర్వాత 1969–77 మధ్య కామరోన్ పాట, పాకో దె లుసియా గిటార్ కలిసి చేసిన రికార్డులు. ప్రతి ఆవర్తనంలో 10 ఎక్కడ పడుతోందో వేలితో తట్టి చూసుకోండి. క్లాసులో చేరేముందు మాత్రం ఒక్కటే అడగండి, గాయకుడు ఎదురుగా కూర్చుని పాడతాడా, లేక స్పీకర్‌లో పాట పెడతారా అని. పాడేవాళ్ళుంటే ఫీజు కాస్త ఎక్కువైనా అక్కడే చేరండి.