బిడ్డా, గొళ్ళెం మాత్రం పెట్టకు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. చిట్టి మొండిదైపోయిందని, దాన్ని హైదరాబాద్‌లో హాస్టల్ బడిలో వేద్దామని మీ అత్తగారు, ఆడబిడ్డ పట్టుబడితే, "నా బిడ్డ నా దగ్గరే ఉంటది, కొట్టకుండానే పెంచుకుంటా" అని నలుగురి ముందు తేల్చి చెప్పావట. చిన్నప్పుడు చుట్టాలొస్తే తలుపు చాటున దాక్కున్న పిల్లవు నువ్వు. అంత మాట అనడానికి లోపల ఎంత నలిగి ఉంటావో నాకు తెలుసు. ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను. రాత్రికి మాత్రం భయం పట్టుకుంది. ఎందుకంటే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పోయిన వారం చిట్టి బూట్లు విసిరేస్తే, గేటు బయట నిలబెట్టి గొళ్ళెం పెట్టి, "సారీ చెప్తేనే లోపలికి రానిస్తా" అన్నావట. ఆ సంగతికి వస్తాను. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నా.

ముందు చిన్న చిన్నవి చెప్తా. వేళకు తిండి, వేళకు నిద్ర. బడి నుంచి రాగానే కడుపుకు ఏదన్నా పెట్టు. ఆకలి మీదున్న పిల్లకు బుద్ధులు చెప్పకు. అన్నం దగ్గర ఫోన్ వద్దు, నీకూ వద్దు. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో వేసే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయించు. ఒంట్లో రక్తం తక్కువైనా పిల్లలు ఊరికే చిరాకు పడతారు, ఆ పరీక్ష ఒకటి చేయించు. చెవులు కూడా చూపించు. నేను పనిచేసిన ఒక తండా బడిలో ఒక పిల్లవాడిని "చెప్పింది విననే వినడు" అని అందరూ తిట్టేవాళ్ళు. చివరికి చూస్తే పాపం వాడికి ఒక చెవి సరిగా వినపడదు. మాటలు ఈడుకు తగ్గట్టు రాకపోయినా, తనను తాను కొట్టుకుంటున్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపో. చిట్టికి అవేవీ లేవని నా నమ్మకం. అయినా ఒకసారి చూపించి మనసులోంచి తీసేసెయ్.

మీ అత్తగారు చెర్వుగట్టు మీద అమావాస్య నిద్ర చేయిస్తానంటే కాదనకు, నువ్వూ వెంట పో. రామలింగేశ్వరునికి మొక్కితే తప్పేముంది. కానీ పిల్ల వింటుండగా "దీనికి గాలి తగిలింది" అనే మాట ఎవరి నోటా రానివ్వకు. ఆరేళ్లు నిండని పిల్ల దాన్ని నమ్ముతుంది. "సారుకు చెప్పి నాలుగు పీకించు, దారికొస్తది" అనేవాళ్ళు కూడా ఉంటారు. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ ఉంది, బడిలో పిల్లను కొట్టకూడదు, మనసు నొచ్చేలా వేధించకూడదు. ఆ చట్టం రాకముందు ప్రతి టీచరు బల్ల మీదా చింతబరిగె ఉండేది. దాని భయానికి నోరు మూసుకున్న పిల్లలను చాలామందిని చూశాను. బరిగె కనపడనప్పుడు వాళ్ళే ఎక్కువ గోల చేసేవాళ్ళు.

ఇంకో మాట. "నేనే సరిగా పెంచలేదేమో పెద్దమ్మా" అని బతుకమ్మకు వచ్చినప్పుడు అన్నావు. ఆ మాట వదిలెయ్. 1956 నుంచి న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు నూరుకు పైగా పిల్లలను పసితనం నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. పదిమందిలో ఒకరు మొదటి నుంచే చిట్టి లాంటి తీరుతో ఉన్నారట. తిండికీ నిద్రకూ వేళాపాళా ఉండదు, కొత్తది ఏదొచ్చినా గట్టిగా ఎదురు తిరుగుతారు, ఏడిస్తే ఇల్లు లేచిపోతుంది. దానికి తల్లినే తప్పు పట్టడం సరికాదని వాళ్ళు చెప్పారు. పిల్ల తీరుకూ ఇంటి తీరుకూ పొత్తు కుదిరిందా లేదా అన్నదే ముఖ్యమన్నారు. అంటే పిల్ల తీరును విరగ్గొట్టే పని నీది కాదు. ఆ తీరుకు ఇల్లు ఎంత సర్దుకోగలదో చూడటం నీ పని.

సంక్రాంతికి మీ ఇంటికి వచ్చినప్పుడు ఒకటి చూశాను. అందరం ఆటో ఎక్కుతున్నాం. గేటు అల్లుడు వేశాడు. చిట్టి కింద పడి దొర్లింది. కొత్త లంగా మట్టి కొట్టుకుపోయింది. నువ్వు రెక్క పట్టుకుని లాగావు, మీ అత్తగారు "చూడండి వేషాలు" అన్నారు. నేను ఆటో దిగి గేటు మళ్ళీ తెరిచాను. అది లేచి ముక్కు తుడుచుకుని, మునికాళ్ళ మీద నిలబడి గడియ దాకా చెయ్యి చాపి, తనే గేటు వేసింది. వేసి ఒకసారి ఊపి చూసుకుంది, పడిందా లేదా అని. తర్వాత వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. దానికి కావాల్సింది ఆ గేటే. ఆటో ఆయన కూడా నవ్వాడు. అరటిపండు తనే ఒలుచుకుంటానంటుంది, జడకు రబ్బరు బ్యాండ్ తనే ఏరుకుంటానంటుంది, ఇవ్వు. పొద్దున తొందరగా ఉంటుందంటావు. అయితే పావుగంట ముందు లేవండి. "స్నానం చెయ్" అంటే "చెయ్యను" అంటుంది. "స్నానం ముందా, పాలు ముందా?" అని అడుగు, ఏదో ఒకటి తనే తేల్చుకుంటుంది. ఆట మధ్యలోంచి లాక్కురాకు, "ఇంకో రెండు సార్లు ఊగి దిగుదాం" అని ముందే చెప్పి, రెండు అయ్యాక దించు.

దించాలి. అక్కడ మెత్తబడకు. నీ మంచితనంతో నాకున్న బెంగ అదే. ఐదుసార్లు కాదని, ఆరోసారి గట్టిగా ఏడ్చిందని ఇచ్చావనుకో, ఆరుసార్లు ఏడవాలని నువ్వే నేర్పినట్టు. కాబట్టి ఊరికే కాదనకు, అంటే మాత్రం నిలబడు. కాదనాల్సినవి నాలుగే పెట్టుకో: రోడ్డు, నిప్పు, ఇంకొకరిని కొట్టడం, కాలువ. మీ ఇంటి వెనక సందు దాటితే సాగర్ ఎడమ కాలువ నీళ్ళు. నీళ్ళు వదిలిన రోజుల్లో ఆ గట్టు మీదికి పెద్దవాళ్ళు పోయినా నాకు గుండె దడే. వెనక తలుపుకు పైన, చిట్టి చేతికి అందని ఎత్తులో, లోపలి వైపు గడియ పెట్టించు. రేపే పెట్టించు, అల్లుడికి మిల్లులో పని ఉందంటే నువ్వే వడ్రంగిని పిలువు.

ఇక గేటు సంగతి. నీళ్ళంటే, గొళ్ళెం చప్పుడంటే నాకు ఎందుకింత భయమో మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. అప్పటికి మీ అమ్మకు ఆరేళ్లు.

1974. మిరుగు ముందు రోజులు. మీ మేనమామకు తొమ్మిదేళ్లు. ఇప్పుడు నువ్వు చూసే మామ కాదు వాడు. నోరు విప్పితే ఊరు వినాలి, తనకు తోచిందే చేయాలి. వాడు ఒక గొర్రెపిల్లను సాకాడు. తల్లి చచ్చిపోతే సీసాతో మేకపాలు పట్టి బతికించాడు. పక్కలో వేసుకుని పడుకునేవాడు. విత్తనాలకు పైసలు లేక మీ తాత దాన్ని సంతలో అమ్మి వచ్చాడు. వాడికి ఒక్క మాట చెప్పలేదు. చెప్తే లొల్లి చేస్తాడని చెప్పలేదు.

రాత్రి బువ్వకు కూర్చున్నాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు. వాడు పళ్ళెం ముందు కూర్చుని ముట్టలేదు. నాయిన తినమన్నాడు. మళ్ళీ అన్నాడు. వాడు పళ్ళెం ఎత్తి వాకిట్లోకి విసిరికొట్టాడు. నాయిన రెక్క పట్టుకుని గడప అవతల దించి, దర్వాజ మూసి గొళ్ళెం పెట్టాడు. "తప్పైందని చెప్పు, అప్పుడే తీస్తా" అన్నాడు. అమ్మ లేవబోతే ఒక చూపు చూశాడు, ఆమె కూర్చుండిపోయింది. నాయిన చెడ్డవాడు కాదు బిడ్డా. జ్వరం వస్తే మమ్మల్ని భుజాన వేసుకుని దేవరకొండ దాకా నడిచిన మనిషి. ఆ రాత్రి దర్వాజ పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు, వాడు ఆ మాట అంటే వెంటనే తీద్దామని. బయట వాడు కాసేపు తలుపు తన్నాడు. తర్వాత చప్పుడు ఆగిపోయింది. నిద్రపోయాడనుకున్నాం.

తీసి చూస్తే లేడు.

ఆ రాత్రి ఊరిలో ఉన్న మోటబావులన్నింటి చుట్టూ లాంతర్లు తిరిగాయి. ఒక బావిలోకి మా చిన్నాయన తాడు పట్టుకుని దిగితే, ఒడ్డున మీ తాత రెండు చేతులతో తల పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ గొంతు పోయేదాకా వాణ్ణి పిలిచింది. తెల్లారి ఎవరో చెప్పారు, కొండమల్లేపల్లి చౌరస్తాలో హోటల్ ముందు బల్ల మీద ఒక పిల్లగాడు పడుకుని ఉన్నాడని. సంత దారి పట్టుకుని గొర్రెపిల్ల కోసం పోయాడు వాడు. చెప్పులు కూడా లేవు. నాయిన భుజాన వేసుకుని తెచ్చాడు. కొట్టలేదు. తప్పైందని అడగలేదు. తనూ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత వాడు ఎన్నడూ ఎదురు తిరగలేదు. ఏమన్నా "సరే నాయినా". ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు, "కోడె కాడికి అలవాటైంది" అన్నారు. నాయిన కూడా కొన్నాళ్లు అదే నమ్మాడు. పదో తరగతిలో లెక్కల్లో పోయిన సంగతి వాడు నాయినకు చెప్పలేదు, పక్కింటివాళ్ళు చెప్పారు. పెళ్లి సంబంధం నచ్చలేదని చెప్పలేదు. తర్వాత బోరు మీద బోరు వేయించాడు, నీళ్ళు పడలేదు, అప్పు మీద అప్పు. ఎదురుగా కూర్చుని అన్నం తింటూ కూడా నోరు విప్పలేదు. అప్పిచ్చినవాడు ఇంటి మీదికి వచ్చిన రోజే నాయినకు తెలిసింది. పోయే ముందు మంచంలో ఉన్నప్పుడు మీ తాత నాతో అన్న మాట ఇది: "వాడు నాతో ఒక్కనాడన్నా కొట్లాడితే బాగుండు బిడ్డా."

అందుకే చెప్తున్నా. కోపం వస్తే అరిచెయ్, నువ్వూ మనిషివే. కానీ తలుపు వేసి బయట నిలబెట్టకు. "నువ్వు నాకొద్దు", "ఎటన్నా పో" అనే మాటలు అనకు. ఇంట్లోకి రావడానికి సారీని టికెట్‌గా పెట్టకు. చిట్టి లాంటి పిల్లలు ఆ మాట చెప్పడం కంటే రాత్రంతా బయట ఉండటానికే సిద్ధపడతారు. ఐదు నిమిషాలే కదా అని నువ్వన్నావట. ఐదు నిమిషాలని నీకు తెలుసు, దానికి తెలియదు. చదువుకున్నదానివి, అంత తెలియకుండా ఎలా చేశావు? ఈ ఒక్క విషయంలో నిన్ను తిట్టకుండా ఉండలేను.

మరి విసిరికొడితే ఏం చేయాలి అంటావు. చేతికి అందేవి తీసి పక్కన పెట్టు. ఇంకొకరిని కొట్టబోతే చెయ్యి పట్టుకో, నొప్పి కలగకుండా. అప్పుడు మాటలు తగ్గించు, ఆ ఏడుపులో పిల్ల చెవికి ఏదీ ఎక్కదు. కాస్త ఎడంగా కింద కూర్చో. "కోపం వచ్చింది కదా, ఇక్కడే ఉన్నా" అంటే చాలు. తగ్గాక నీళ్ళు తాగించు. ఆ తర్వాత, ఎప్పుడో జడ వేసేటప్పుడు, "పొద్దున బూట్లు ఎందుకు విసిరావు?" అని నిజంగా తెలుసుకోవడానికి అడుగు. బూటు కరుస్తుందేమో, బడిలో ఎవరన్నా ఏమన్నా అన్నారేమో. విసిరిన బూట్లు తనే తెచ్చి పెట్టాలి, అది మాత్రం చేయించు, నువ్వు ఒకటి తెస్తే అది ఒకటి తెస్తుంది. సారీ దానంతట అదే చెప్పే రోజు వస్తుంది. సాయంత్రం పక్కింటివాళ్ళకు ఆ కథ చెప్పి నవ్వకు. దానికి చెవులు పాము చెవులు.

నీ సంగతి కూడా చూసుకో తల్లీ. నాట్ల రోజుల్లో పొలాల వెంబడి తిరిగి ఆరు దాటాక ఇల్లు చేరతావు, వస్తూనే పొయ్యి దగ్గరికి పోతావు. ఓపిక అక్కడే అయిపోతుంది. వచ్చిన వెంటనే పావుగంట చిట్టితో ఉండు, అన్నం ఆలస్యమైతే కానీ. చెయ్యి లేస్తుంది అనిపించిన రోజు పిల్లను అల్లుడికి అప్పజెప్పి డాబా మీదికి పో. ఎవరితోనూ చెప్పుకోలేని టెన్షన్ అయితే 14416కు ఫోన్ చెయ్, టెలీ మానస్ అనే సర్కారు హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, పైసలు అక్కర్లేదు. లేదా నాకు చెయ్, ఎంత రాత్రైనా సరే.

హాస్టల్ మాట ఎత్తినందుకు మీ అత్తగారి మీద కోపం పెంచుకోకు. పగలంతా ఆ పిల్లతో వేగేది ఆమే, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఆమెతో నేను మాట్లాడతాను. ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా, రెండు రోజులు ఉంటా. చిట్టికి ఇప్పుడే చెప్పు. దానికి అప్పటికప్పుడు ఏదన్నా మారితే పడదు. ఏ బస్సుకు వస్తానో, ఎక్కడ పడుకుంటానో కూడా చెప్పు. తన మంచం మీద వద్దంటే చాప వేసుకుంటానని చెప్పు. గేటు తీసే పని దానిదే అని చెప్పు.

మీ పెద్దమ్మ