ఒకే ఊళ్లో ఒకచోట ఏక్యూఐ (గాలి ఎంత చెడిందో చెప్పే సూచీ) 90, ఇంకోచోట 170 ఎందుకు?

కాలిఫోర్నియాలోని శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో కార్చిచ్చు పొగ వచ్చినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఇది. పొగ ఊరంతా ఒకేలా పరుచుకోదు. రాత్రి చల్లగాలి కిందికి దిగి, పైన వెచ్చటి గాలి మూతలా నిలిస్తే లోయల్లో పొగ చిక్కుకుపోతుంది. సముద్రపు గాలి తగిలే చోట త్వరగా పలచబడుతుంది.

ఆకాశాన్ని చూసి అంచనా వేయకండి. 2020 సెప్టెంబర్ 9న ఆకాశం నారింజ రంగులోకి మారినా పొగ చాలావరకు పైనే ఉండిపోయింది. నేల దగ్గర గాలి బాగా చెడింది ఆ తర్వాతి రోజుల్లోనే.

అమెరికా ప్రభుత్వ గాలి నాణ్యత సైట్ ఎయిర్‌నౌ వారి ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్‌లో మీ వీధి చుట్టుపక్కల ఉన్న మూడు నాలుగు సెన్సర్లు చూడండి. ఒక్కటే విపరీతంగా చూపిస్తుంటే దాని పక్కన ఎవరో బార్బెక్యూ పెట్టి ఉండొచ్చు. ప్రైవేటు సెన్సర్ల పర్పుల్‌ఎయిర్ మ్యాప్ వాడితే అందులో ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) కన్వర్షన్, అంటే రీడింగును సరిచేసే సెట్టింగ్, తప్పక పెట్టండి. అది లేకపోతే పొగ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఏక్యూఐ 100 దాటితే ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు, వయసు పైబడినవాళ్లు బయట శ్రమ తగ్గించాలి. 150 దాటితే అందరూ. కిటికీలు మూసి, మీ ఇంటి ఏసీ/హీటర్ యూనిట్ తట్టుకుంటే మెర్వ్ 13 ఫిల్టర్ (సన్నటి కణాలను పట్టే రకం) వేసి, దాని ఫ్యాన్‌ను ‘ఆటో’లో కాక ‘ఆన్’లో ఉంచండి.

ఆ రోజుల్లో తాలింపులు, వేపుళ్లు, అగరుబత్తులు మానేయండి. అవీ పొగలో ఉండే సన్నటి కణాలనే (పీఎం 2.5) పెంచుతాయి. పైగా గాలిని బయటికి తోసే చిమ్నీ వేస్తే, ఆ మేరకు బయటి పొగ సందుల్లోంచి లోపలికొస్తుంది. బయటికెళ్లక తప్పకపోతే ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 వాడండి. గుడ్డ మాస్కు ఈ సన్నటి కణాలను సరిగా ఆపలేదు.