ఆదివారం పిట్టల ఫొటోలు తీసే అబ్బాయి ఇంటర్ తర్వాత ఏం చదవాలి?

ప్రశ్న: మా బాబు ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరం. ఆదివారం వస్తే చాలు, కెమెరా భుజాన వేసుకుని కొండకర్ల ఆవ చెరువనో కంబాలకొండ అడవనో వెళ్లిపోతాడు. ఇంట్లో కానన్ 1500డి, దాంతోపాటు వచ్చిన 18–55, 55–250 లెన్సులు ఉన్నాయి. ఇప్పుడు లక్ష రూపాయల 150–600 లెన్స్ కొనమంటున్నాడు. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ అవుతాడట. దీంతో బతగ్గలడా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు లెన్స్ సంగతి తేల్చేద్దాం. ఇప్పుడే కొనకండి. మీ కెమెరాలో 250 మి.మీ. దగ్గర పెట్టి 15 మీటర్ల దూరంలో ఉన్న పిట్టను తీస్తే ఫ్రేము వెడల్పు సుమారు 1.3 మీటర్లు. 28 సెంటీమీటర్ల లకుముకి పిట్ట అందులో ఐదో వంతు కనిపిస్తుంది. 600తో తీస్తే అదే పిట్ట సగం ఫ్రేము నింపుతుంది. నిజమే. కానీ 250తోనే ఆరు మీటర్ల దగ్గరకు చేరినా దాదాపు అంతే వస్తుంది. పిట్ట బెదరకుండా ఆరు మీటర్లకు చేరడమే బాబు ఈ ఏడాది నేర్చుకోవాల్సిన పని. వెంటపడి నడిస్తే అది ఎగిరిపోతుంది. లకుముకి పిట్ట చేపల కోసం తిరిగి తిరిగి అదే కొమ్మ మీదికి వస్తుంది. ఆ కొమ్మను కనిపెట్టి, ఎండ వీపుకు తగిలేలా, మట్టిరంగు చొక్కాతో గట్టు మీద అరగంటో నలభై నిమిషాలో కదలకుండా కూర్చుంటే అదే దగ్గరికొస్తుంది. ఇంతా చేశాక కూడా పెద్ద లెన్స్ కావాలనిపిస్తే, ముందు రెండు రోజులకు అద్దెకు తెచ్చుకోమనండి. దాని బరువు దాదాపు రెండు కిలోలు. గంటసేపు చేత్తో పట్టుకున్నాక మోజు ఎంత మిగిలిందో తెలుస్తుంది.

ఫొటోలు మసగ్గా వస్తున్నాయని లెన్స్‌ను తిట్టే ముందు షట్టర్ స్పీడ్ చూడాలి. ఆటో మోడ్‌లో పెడితే కెమెరా తనకు తోచిన స్పీడ్ పెడుతుంది; పిట్ట కదిలితే అది చాలదు. కూర్చున్న పిట్టకు కనీసం 1/500 సెకను, ఎగిరేదానికి 1/2000 కావాలి. డయల్ మీద Tv అని ఉండే మోడ్‌లో (షట్టర్ స్పీడ్ మనమే పెట్టుకునేది) ఆ స్పీడ్ తానే పెట్టుకుని, ఐఎస్‌ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, ఆటోలో వదిలి, గరిష్ఠ పరిమితి 3200 పెట్టుకుంటే సరిపోతుంది. ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంబడించే పద్ధతి), మధ్య పాయింట్ ఒక్కటే. తొమ్మిది పాయింట్లూ తెరిచి ఉంచితే ఫోకస్ పిట్టను వదిలేసి ముందున్న తుంగను పట్టుకుంటుంది. ఎండలో తెల్ల కొంగను తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ వరకు, అంటే వెలుతురు సగమయ్యేదాకా, తగ్గించాలి, లేకపోతే ఈకల గీతలన్నీ తెల్లటి మచ్చగా మారిపోతాయి. ఆకాశం వెనక ఉంటే ఒక స్టాప్ పెంచాలి, లేకపోతే పిట్ట నల్లటి నీడే. ఫైల్ ఎప్పుడూ రా (RAW) ఫార్మాట్‌లోనే, అంటే కెమెరా మార్పులు చేయని అసలు రూపంలోనే.

నీళ్ల మీద ఉదయం తొమ్మిది దాటాక గాలి వేడెక్కి సెగలా ఆడుతుంది. అప్పుడు ఏ లెన్స్ పెట్టినా దూరపు పిట్ట అలికినట్టే వస్తుంది. కాబట్టి ఆరింటికల్లా అక్కడుండి, తొమ్మిదిన్నరకు ఇంటిదారి పట్టమనండి. మధ్యాహ్నం చదువుకోవడానికి మిగులుతుంది, అది మీకూ మంచిదే. కొండకర్ల ఆవలో దోనె ఎక్కితే ట్రైపాడ్ దండగ. దోనె ఊగితే అదీ ఊగుతుంది. కూర్చుని మోచేతులు మోకాళ్లకు ఆన్చి తీస్తే చాలు. తామరాకుల మీద తిరిగే తామరకోళ్లకూ, తుంగలో దూరే నీలం కోళ్లకూ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అదే చోటు. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు కావాలంటే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వెళ్లాలి. డిసెంబరులో వెళితే గూళ్లలో సందడి బాగుంటుంది.

తల్లిగా మీరు పట్టించుకోవాల్సినవి మూడున్నాయి. కంబాలకొండ అభయారణ్యం, అక్కడ చిరుతలు ఉన్నాయి. టికెట్ ఇచ్చే దారుల్లోనే, ఒంటరిగా కాకుండా వెళ్లాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలో గూళ్లనూ గుడ్లనూ చెదరగొట్టడం కూడా ఉంది. ఫొటో కోసం గూడు ముందు కొమ్మ తుంచడం చిన్న తప్పు కాదు. ఇక మన ఊరు నేవీ ఊరు. మేఘాద్రిగెడ్డ జలాశయానికి శీతాకాలం బాతులొస్తాయి నిజమే, పక్కనే విమానాశ్రయమూ నేవీ స్థావరమూ ఉన్నాయి. ఆ వైపు పొడుగు లెన్స్ తిప్పితే కాపలా వాళ్లు ఆపుతారు. డ్రోన్ ఊసే వద్దు. కాలేజీ గుర్తింపు కార్డు జేబులో ఉండాలి.

సముద్రపు గాలికి లెన్స్‌లో బూజు పట్టడం మన దగ్గర మామూలే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, చవకరకం తేమ మీటరు పెట్టి 40–50 శాతం మధ్య ఉంచితే చాలు. బీరువాలో తోలు సంచిలో మాత్రం దాచకండి.

ఇక బతుకుతెరువు. ఒక్క వన్యప్రాణి ఫొటోలు అమ్ముకుని ఇల్లు నడిపేవాళ్లు మన దేశంలో బహు కొద్దిమంది. మిగతావాళ్లకు వేరే ఆదాయం ఉంటుంది: పెళ్లిళ్ల ఫొటోలు, వర్క్‌షాపులు, టూర్లు, లేదా ఉద్యోగం. లకుముకి పిట్ట చక్కటి ఫొటో తీసేవాళ్లు వేలల్లో ఉన్నారు. అది ఏం తింటోంది, ఏ నెలలో ఎక్కడ గూడు పెడుతుంది, పోయినేడు ఎన్ని కనిపించాయి అని లెక్కతో చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఉద్యోగాలున్నది ఆ పనికే. అందుకే బైపీసీ వదలొద్దు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో జువాలజీ మేజర్‌గా డిగ్రీ, ఆపైన డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో వైల్డ్‌లైఫ్ సైన్స్ ఎమ్మెస్సీ, లేదా బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయొలాజికల్ సైన్సెస్)లో వైల్డ్‌లైఫ్ బయాలజీ అండ్ కన్సర్వేషన్ ఎమ్మెస్సీ. రెండూ గట్టి పోటీ, సీట్లు కొన్నే. ఎన్‌సీబీఎస్‌లో రెండేళ్లకొక బ్యాచ్ మాత్రమే తీసుకుంటారు కాబట్టి డిగ్రీ పూర్తయ్యే సంవత్సరం చూసుకోవాలి. జువాలజీ డిగ్రీతో యూపీఎస్సీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు కూడా రాయొచ్చు, దాని ప్రిలిమ్స్ సివిల్స్ ప్రిలిమ్సే. కెమెరాయే ప్రాణం అనుకుంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో ఫొటోగ్రఫీ బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. కానీ అక్కడ నేర్పేది ముఖ్యంగా స్టూడియో, ప్రకటనలు, పోర్ట్రెయిట్లు. అడవి సంగతి సొంతంగానే నేర్చుకోవాలి.

ఈ రెండేళ్లు ఆదివారాలు వృథా కాకుండా ఉండాలంటే ప్రతి ట్రిప్పుకూ పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో చెక్‌లిస్ట్ పెట్టమనండి: మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు, ఎంత దూరం నడిచాడు, ఏ జాతివి ఎన్ని. ‘చాలా’ అని రాయకూడదు, అంకె వేయాలి. ఫొటోలు దానికే జతచేస్తే అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం ఫొటోలు భద్రపరిచే మెకాలే లైబ్రరీలో తేదీతో సహా నిలిచిపోతాయి. రేపు ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో ‘నాకు ప్రకృతి అంటే ఇష్టం’ అని అందరూ చెబుతారు. ఒకే చెరువు మీద వందకు పైగా చెక్‌లిస్టులు చూపగలిగేది ఏ ఒక్కరో. ఇంకొకటి, ఒరిజినల్ రా ఫైళ్లు చెరపొద్దు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వన్యప్రాణి ఫొటోల పోటీలో 15–17 ఏళ్ల వారికి వేరే విభాగం ఉంది, వడపోతలో నిలిచాక వాళ్లు ఆ ఫైలే అడుగుతారు.

ఇబ్బంది ఒక్కటే. పిట్టల సీజనూ, ఇంటర్ చదువు బరువెక్కే నెలలూ ఒకటే. రెండో సంవత్సరంలో నెలకు ఒక్క ఆదివారం చాలని ముందే మాట తీసుకోండి. పరీక్షలన్నీ అయ్యాక, వానలు మొదలయ్యే వేళకు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టడానికి వస్తాయి. ఊళ్లోని చెట్ల మీదే ఉంటాయి కాబట్టి 55–250 సరిపోతుంది.