రీల్స్ చూస్తే ఇంగ్లీషు వస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి, బరంపురం యూనివర్సిటీలో పీజీ చేస్తున్నాను. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. హాస్టల్లో కొందరు ఇన్‌స్టా, యూట్యూబ్‌తోనే ఇంగ్లీషు వచ్చేస్తుందంటారు, కొందరేమో టైమ్ వేస్ట్ అంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉందమ్మా. వినడానికి, ఉచ్చారణకి యూట్యూబ్ చాలా మంచిది. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ ఛానల్లో ఒక చిన్న పాఠం పెట్టుకుని, స్పీడు 0.75కి తగ్గించి, సబ్‌టైటిల్స్ చూస్తూ ఒకసారి, అవి తీసేసి మరోసారి విని, వాక్యం వాక్యానికీ ఆపి పైకి అనండి. రీల్స్‌తో చిక్కేంటంటే, ఒక మాట ఒంటబట్టేలోపే ఇంకోటి వచ్చేస్తుంది, మనం నోరు మెదపం. స్నేహితులతో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఇంగ్లీషులోనే పెట్టుకోండి. తప్పులొస్తాయి, రానివ్వండి. రెండు భాషలు గడగడా మాట్లాడే మీకు మూడోదంటే టెన్షన్ ఎందుకు? రాయడం మాత్రం కాగితం మీదే, మాస్టారి చేత దిద్దించుకోండి.